డాక్టరు చీటీ ఉంటేనే ఇచ్చే మందుకి టీవీలో ప్రకటన ఎందుకు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: గుంటూరు నుంచి డల్లాస్‌లో అమ్మాయి దగ్గరికి వచ్చి మూడు నెలలైంది. సాయంత్రం వార్తలు పెడితే మధ్యలో ఆపినప్పుడల్లా మందుల ప్రకటనలే. డాక్టరు రాస్తేనే గానీ షాపులో ఇవ్వని మందుని జనానికి చూపించి ఏం లాభం? ఎవరి మీద పనిచేస్తుంది? మన దగ్గర ఎందుకు కనపడవు? చివర్లో ఇంకో మాట కూడా రాశారు. వీధిలో అందరూ డాన్స్ చేస్తూ పాడే ఆ షుగరు మాత్ర, మీరు వాడే మెట్‌ఫార్మిన్ కంటే మంచిదేమో, ఇక్కడే తెప్పించుకోవాలా అని. అసలు మీకు కావలసిన జవాబు అదేననిపించింది, కానీ దానికి రావాలంటే మిగతావి చెప్పాలి.

నేను 2000లో వరంగల్‌లో బీఫార్మసీ పూర్తిచేసి రెండేళ్ళకు పైగా అక్కడే మెడికల్ రెప్‌గా తిరిగాను. 2003లో అమెరికా వచ్చాను. పరీక్షలు రాసి, ఇంటర్న్‌గా చేసి, 2006 నుంచి న్యూజెర్సీలో రిటైల్ ఫార్మసీలో పనిచేస్తున్నాను. మందు అమ్మే పద్ధతి రెండుచోట్లా లోపలినుంచి చూసినవాణ్ణి.

సూటిగా చెప్పాలంటే: ఆ ప్రకటన మీ చేత డాక్టరు గదిలో ఒక్క ప్రశ్న అడిగించడానికే. "ఫలానా మందు నాకు పనికొస్తుందా?" అన్న ప్రశ్న. ప్రకటన చూసేది మీరు, దాని ఒత్తిడి పడేది డాక్టరు మీద, బిల్లు వెళ్ళేది ఇన్సూరెన్సుకి.

కూరగాయలు కొనేటప్పుడు ఎంచుకునేది, తినేది, డబ్బిచ్చేది మనమే. మందు దగ్గర ఈ మూడూ ముగ్గురు చేస్తారు. డాక్టరు రాస్తాడు, రోగి మింగుతాడు, ఇన్సూరెన్సు కడుతుంది. మింగేవాడికి అసలు ధర తెలియదు. కంపెనీ ఇచ్చే కూపన్ కార్డు ఉంటే కౌంటర్లో అతను కట్టేది పది డాలర్లే కావచ్చు. ధర తగలని మనిషికి ఖరీదైన వస్తువు మీద ఆశ పుట్టించడం తేలిక. టీవీ ప్రకటన కూర్చున్నది సరిగ్గా ఆ సందులో.

డాక్టరు అంత చదువుకున్నవాడు, రోగి అడిగినంత మాత్రాన రాసేస్తాడా అని మీకు అనుమానం రావచ్చు. దీన్ని పరీక్షించి చూశారు. 2005లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. శిక్షణ ఇచ్చిన నటుల్ని రోగులుగా 152 మంది డాక్టర్ల దగ్గరికి పంపారు, మొత్తం 298 సార్లు. కొందరికి నిజంగా మందు అవసరమయ్యే డిప్రెషన్ లక్షణాలు చెప్పమన్నారు. ఇంకొందరికి ఉద్యోగం పోయి, కొన్నాళ్ళు దిగులుగా ఉన్నట్టు చెప్పమన్నారు, ఇది చాలావరకు మందు లేకుండానే తగ్గే బాధ. ఈ రెండో రకం వాళ్ళు మందు ఊసెత్తకపోతే 10 శాతం మందికే డిప్రెషన్ మందు రాశారు. టీవీ ప్రకటనలో పాక్సిల్ అనే డిప్రెషన్ మందు చూశానని పేరు చెప్పి అడిగినప్పుడు 55 శాతం మందికి రాశారు. అవసరం లేని చోట, ఒక్క మాటతో, పది నుంచి యాభై అయిదుకి.

ఆ పరిశోధనలోనే ఇంకో సగం ఉంది. ప్రకటనల్ని తిట్టేవాళ్ళు సాధారణంగా అది వదిలేస్తారు. నిజంగా డిప్రెషన్ లక్షణాలు చెప్పినవాళ్ళు ఏమీ అడగకపోతే 31 శాతం మందికే మందు దొరికింది. పాక్సిల్ అని అడిగితే 53. బ్రాండు పేరెత్తకుండా, "టీవీలో డిప్రెషన్ గురించి కార్యక్రమం చూశాను, నాకూ మందు అవసరమేమో" అన్నవాళ్ళకి 76. నోరు తెరిచి అడగడం రోగికి మేలే చేస్తుందన్నమాట. సమస్య చెప్పి అడిగినవాళ్ళకి మందు పేరు చెప్పి అడిగినవాళ్ళ కంటే మంచి వైద్యం దొరికింది. నా కౌంటర్ దగ్గర ఇరవై ఏళ్ళుగా చూస్తున్నది కూడా ఇదే.

ఒక పెద్దావిడ సంగతి చెప్తాను. కరెంటు బిల్లు వచ్చిన కవరు వెనక పెన్సిలుతో ఒక మందు పేరు రాసుకొచ్చింది, చెవికి వినపడినట్టు, అక్షరాలన్నీ తప్పు. పక్కన ప్రకటన వచ్చిన టైము కూడా రాసుకుంది, 6:40 అని. అప్పటికే ఆవిడ డాక్టరు దగ్గరికెళ్ళి అదే కవరు చూపించి రాయించుకొచ్చింది. నేను కంప్యూటర్లో బిల్లు కొడితే ఇన్సూరెన్సు తిప్పికొట్టింది, ప్రయర్ ఆథరైజేషన్ కావాలని. అంటే, ఈ మందే ఎందుకు కావాలో డాక్టరు ఆఫీసు వాళ్ళు కాగితాలు నింపి పంపాలి. నాలుగు రోజులు ఆగింది. ఆ నాలుగు రోజులూ పాత కొలెస్ట్రాల్ మాత్ర మానేసింది, కొత్తది వస్తుంది కదా అని. పాతది జెనరిక్, అంటే పేటెంటు అయిపోయాక ఎవరైనా చౌకగా తయారుచేసే అదే మందు, నెలకి నాలుగు డాలర్లు, ఆరేళ్ళుగా ఆవిడకి చక్కగా పనిచేస్తోంది. చివరికి ఇన్సూరెన్సు కాదంది, ఆవిడ పాత మాత్రకే తిరిగొచ్చింది. "అయితే నాకు రెండో రకం మందే గతి అన్నమాట" అంది. నాకు బాధ కలిగించింది ఆ మాట. ఆవిడ మందు మంచిదే. అది బాగాలేదని ఎవరూ అనలేదు. ప్రకటన కూడా అనలేదు. అయినా ఆవిడకి తన సీసా మీద నమ్మకం పోయింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అమెరికాలో రాసే చీటీల్లో పదింటికి తొమ్మిది జెనరిక్ మందులే. వాటికి మీరు టీవీలో ఒక్క ప్రకటన కూడా చూసి ఉండరు. టీవీలో కనపడేవి పేటెంటు ఇంకా మిగిలి ఉన్నవి, అందులోనూ ఏళ్ళ తరబడి వాడాల్సినవి: షుగరు, కీళ్ళవాతం, సోరియాసిస్, ఉబ్బసం, ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు. పదిరోజుల్లో ముగిసే యాంటీబయాటిక్‌కి ఎవరూ నృత్యాలు పెట్టరు. టీవీలో రావడానికి మందు గొప్పదనంతో సంబంధం లేదు. కంపెనీ పెట్టిన డబ్బు తిరిగి రాబట్టుకోవడానికి ఇంకా ఎన్నేళ్ళు మిగిలాయన్నదే లెక్క.

ఎవరి మీద పనిచేస్తుందన్నారు. సాయంత్రం వార్తలు చూసేది ఎక్కువగా అరవై దాటినవాళ్ళు, అంటే ఎక్కువ మందులు వాడేవాళ్ళు. మీకు ఆ టైములోనే అన్ని ప్రకటనలు కనపడటానికి కారణం అది. కానీ నా అనుభవంలో వాళ్ళకంటే గట్టిగా కదిలేది ఇంట్లో చూసుకునేవాళ్ళు, కూతుళ్ళు, కోడళ్ళు, భార్యలు. ప్రకటనలో తాతగారు మనవణ్ణి ఎత్తుకునే దృశ్యం ఉంటుంది చూడండి, అది తాతగారి కోసం తీసింది కాదు. "మా నాన్నకి ఇది ఎందుకు రాయలేదు?" అని ఫోన్ చేసే కూతురి కోసం. మూడోరకం మనుషులు ఇప్పటికే ఆ మందు వాడుతున్నవాళ్ళు. సగంలో మానేద్దామనుకునేవాళ్ళు టీవీలో చూసి రీఫిల్‌కి వస్తారు. ఇందులో తప్పేమీ లేదు, మానకుండా వేసుకోవడం మంచిదే.

డాక్టర్లని కంపెనీలు వదిలేశాయనుకోకండి. 1997లో ఈ జనం ప్రకటనల మీద పెట్టింది 130 కోట్ల డాలర్లయితే 2016కి అది 600 కోట్లయింది. అదే 2016లో డాక్టర్ల మీద, మిగతా వైద్యసిబ్బంది మీద పెట్టింది సుమారు 2,000 కోట్లు. టీవీ కనపడుతుంది కాబట్టి మనం టీవీ గురించి మాట్లాడుకుంటున్నాం.

అమెరికాలోనే ఎందుకు? చీటీ మందుల్ని పేరూ జబ్బూ చెప్పి జనానికి ప్రకటించుకోనిచ్చేవి ప్రపంచంలో రెండే దేశాలు, అమెరికా, న్యూజీలాండ్. ఇక్కడ 1962 నుంచి వీటి ప్రకటనల మీద అధికారం మందుల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏది. లాభం చెబితే నష్టం కూడా చెప్పాలన్నది నియమం. పత్రికలో అయితే వెనక పేజీ నిండా సన్న అక్షరాల్లో నష్టాలు అచ్చేయొచ్చు, టీవీలో అదంతా చదవడం కుదరదు. 1983లో టీవీలో మొదటిసారి వచ్చింది ఒక ఇబుప్రొఫెన్ బ్రాండు ప్రకటన, ధర తక్కువని చెప్పేది. వెంటనే ఎఫ్‌డీఏ అడ్డుపడింది, ఇలాంటివి కొన్నాళ్ళు ఆపమని కంపెనీలన్నిటినీ కోరింది. తర్వాత చాలాకాలం టీవీలో మందు పేరు చెబితే జబ్బు పేరు చెప్పకూడదు, జబ్బు చెబితే మందు చెప్పకూడదు అన్నట్టు నడిచింది. ఎలర్జీ మాత్ర ప్రకటనలో నీలాకాశం, పచ్చిక, మందు పేరు, అంతే. దేనికి వాడతారో చూసేవాళ్ళకి అర్థమయ్యేది కాదు.

1997 ఆగస్టులో ఎఫ్‌డీఏ దారి తెరిచింది. ముఖ్యమైన నష్టాలు గొంతుతో చెప్పండి, మిగతావి తెలుసుకోవడానికి ఫోన్ నంబరు, వెబ్‌సైటు, పత్రిక ప్రకటన చూపించండి, డాక్టర్ని అడగమనండి, చాలు అంది. మీరు ఈ రోజు చూస్తున్నదంతా ఆ నిర్ణయం నుంచి పుట్టింది. ఇంకో విషయం చాలామందికి తెలియదు: ఎఫ్‌డీఏ ఈ ప్రకటనల్ని ముందుగా చూసి అనుమతించదు. ప్రసారం మొదలుపెట్టేటప్పుడు కంపెనీ ఒక ప్రతి పంపుతుంది. తప్పుంటే తర్వాత ఉత్తరం వస్తుంది.

మరి నిషేధించొచ్చు కదా అంటే ఇక్కడి రాజ్యాంగం అడ్డొస్తుంది. 1976లో వర్జీనియా ఫార్మసీ బోర్డు కేసులో సుప్రీంకోర్టు వ్యాపార ప్రకటన కూడా వాక్స్వాతంత్ర్యం కిందికే వస్తుందంది. ఆ కేసు నిజానికి ఫార్మసీలు మందుల ధరలు బయటికి చెప్పుకోనివ్వాలా వద్దా అన్నది, అంటే మామూలు జనానికి మేలు చేసిన తీర్పే. 2015లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్, అంటే డాక్టర్ల సంఘమే, ఈ ప్రకటనలు నిషేధించాలని కోరింది. 2019లో ప్రకటనలో ధర కూడా చూపించాలని ప్రభుత్వం నియమం పెడితే అమలయ్యేలోపే కోర్టు కొట్టేసింది. నా దృష్టిలో పోగొట్టుకున్న మంచి అవకాశం అది. 2025 సెప్టెంబరులో ట్రంప్ ప్రభుత్వం 1997 నాటి వెసులుబాటు తీసేస్తామని ప్రకటించి, కంపెనీలకి వేల సంఖ్యలో హెచ్చరిక ఉత్తరాలు పంపింది.

పక్కన కుక్కపిల్ల ఆడుకుంటుంటే వెనకనుంచి గుండెపోటు, పక్షవాతం, మరణం అని గబగబా చదవడం విని మీరు ఆశ్చర్యపోయానన్నారు. ఆ చదవడం నియమం. 2024 నుంచి ఇంకా గట్టి చేశారు, మామూలు మాటల్లో చెప్పాలి, అదే సమయానికి తెర మీద అక్షరాలు కూడా పడాలి, చూపు మళ్ళించే హంగామా ఉండకూడదు. అయితే అంత జాబితా విన్నాక మనిషి భయపడతాడనుకుంటాం కదా, అన్నిసార్లూ అలా జరగదు. 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో, పెద్ద ప్రమాదాలతోపాటు నోరెండటం, తలనొప్పి లాంటి చిన్నవి కూడా కలిపి చదివితే వినేవాళ్ళకి మొత్తం ప్రమాదం తక్కువగా అనిపించింది. పెద్దవి మాత్రమే చెప్పినప్పుడే ఎక్కువ జాగ్రత్తపడ్డారు. చింతపండు పులుసులో నీళ్ళు ఎక్కువైతే పులుపు పోయినట్టు.

ఈ ప్రకటనల బలం ఏమిటో నాకు ఇంటర్న్‌గా ఉన్న రోజుల్లోనే తెలిసింది. 2004 సెప్టెంబరు 30, గురువారం. వయాక్స్ అనే నొప్పి మాత్రని మెర్క్ కంపెనీ మార్కెట్లోంచి వెనక్కి తీసుకుంది, ఎక్కువకాలం వాడితే గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని. ఆ రోజు ఫార్మసీలో ఫోన్ పెట్టీ పెట్టగానే మళ్ళీ మోగింది. ఒకాయన సగం నిండిన సీసా తెచ్చి కౌంటర్ మీద పెట్టి, మూతమీద చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. కడుపులో పుండ్లు ఉన్నాయా, మామూలు నొప్పి మాత్రలు పడవా అని అడిగాను. అలాంటిదేమీ లేదు, మోకాలు నొప్పి, టీవీలో స్కేటింగ్ చేసే ఆవిడ చెప్పింది, అడిగితే డాక్టరు రాశాడు అన్నాడు. మామూలు నొప్పి మాత్రలు కడుపుకి పడనివాళ్ళకి ఆ మందుతో ఉపయోగం ఉండేది. అలాంటివాళ్ళు కొంతమందే. కానీ 2000 సంవత్సరంలో ఆ ఒక్క మందు ప్రకటనలకి 16 కోట్ల డాలర్లు దాటి పెట్టారు, ఆ ఏడాది పెప్సీకి, బడ్వైజర్ బీరుకి పెట్టినదానికంటే ఎక్కువ. కొద్దిమందికి సరిపడే మందు మోకాలు నొప్పి ఉన్న ప్రతి ఇంటికీ చేరింది. కొత్త మందు గురించి మనకి తెలిసేది తక్కువ, సరిగ్గా అప్పుడే దాని ప్రకటన హోరు ఎక్కువ. ఈ ప్రకటనల మీద నాకున్న ప్రధాన అభ్యంతరం ఇదే.

మంచి కూడా చూశాను. హెపటైటిస్ సి ప్రకటనలు జోరుగా వచ్చిన రోజుల్లో ఒక లారీ డ్రైవరు వచ్చాడు. 1945-65 మధ్య పుట్టినవాళ్ళు ఒకసారి పరీక్ష చేయించుకోండి అన్న మాట టీవీలో విని చేయించుకున్నాడు, ఉందని తేలింది. పన్నెండు వారాల మందుతో పూర్తిగా పోయింది. ఆయనకి అప్పటిదాకా ఒక్క లక్షణమూ లేదు. ప్రకటన లేకపోతే లివరు పాడయ్యాకే తెలిసేది. అందుకే మొత్తం నిషేధించాలని నేను అనలేను. జబ్బు గురించి చెప్పి పరీక్షకి పంపే ప్రకటన ఉండనివ్వాలి, కొత్త మందుకి మొదటి రెండు మూడేళ్ళు పేరుతో ప్రకటన వద్దనాలి. నా అభిప్రాయం అది.

మన దగ్గర ఎందుకు లేవంటే, షెడ్యూల్ హెచ్, హెచ్1, ఎక్స్ మందుల్ని, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మాల్సినవాటిని, కేంద్రం అనుమతి లేకుండా జనానికి ప్రకటించకూడదు. షుగరు, బీపీ, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది. అలాగని మన డాక్టరు గది ప్రకటన లేని చోటని అనుకోవద్దు. వరంగల్‌లో నా నల్ల బ్యాగులో ఏముండేవి? రంగుల బొమ్మల విజువల్ ఎయిడ్, శాంపిల్ స్ట్రిప్పులు, పెన్నులు, మందు పేరు అచ్చేసిన టేబుల్ క్యాలెండర్లు. ఓపీ అయిపోయేదాకా గుమ్మం బయట నిలబడి, రెండు నిమిషాల్లో మూడు మందుల గురించి చెప్పేవాణ్ణి. తర్వాత పక్క మెడికల్ షాపుకి వెళ్ళి ఆ డాక్టరు నా బ్రాండు ఎన్ని చీటీల్లో రాశాడో కనుక్కునేవాణ్ణి, దాన్ని ఆర్‌సీపీఏ అంటాం. ఇక్కడ అరవై సెకన్ల ప్రకటన చేసే పని అక్కడ నా బూట్లు చేశాయి. తేడా ఏమిటంటే, ఇక్కడ రోగి ఆ ప్రకటన తన కళ్ళతో చూస్తాడు, అక్కడ దాని సంగతే అతనికి తెలియదు. కంపెనీలు డాక్టర్లకి బహుమతులు, విహారయాత్రలు ఇవ్వకూడదని 2024లో కేంద్రం నియమావళి తెచ్చింది.

ఇక మీ షుగరు మాత్ర. మీరు చెప్పిన డాన్సు ప్రకటన జార్డియన్స్‌ది అయ్యుండాలి, అసలు మందు ఎంపాగ్లిఫ్లోజిన్. మంచి మందే. గుండెజబ్బు కూడా ఉన్న షుగరు రోగుల్లో గుండెతో వచ్చే మరణాలు తగ్గిస్తుందని 2015లో పెద్ద పరిశోధనలో తేలింది, కిడ్నీకి కూడా మేలు చేస్తుంది. గుండె, కిడ్నీ ఇబ్బంది ఉంటే మీ డాక్టరుతో దీని గురించి తప్పకుండా మాట్లాడండి. అలాంటివేమీ లేక, మెట్‌ఫార్మిన్‌తోనే షుగరు అదుపులో ఉంటే, టీవీలో చూశామని మార్చుకోవాల్సిన పని లేదు. ఇది మూత్రంలోంచి చక్కెర బయటికి పంపే మందు కాబట్టి జననాంగాల దగ్గర ఫంగస్ రావచ్చు, ఒంట్లో నీరు తగ్గొచ్చు. ఏకాదశి లాంటి ఉపవాసాలు చేసే అలవాటుంటే డాక్టరుకి ముందే చెప్పాలి. తిండి లేకుండా ఈ మాత్ర వేసుకుంటే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రమాదం కావచ్చు, షుగరు రీడింగు మామూలుగా కనపడుతున్నా సరే.

ఇక్కడ మాత్రం కొనకండి. 2023లో దీని నెల ధర 573 డాలర్లు. ప్రభుత్వం బేరమాడి మెడికేర్ (ఇక్కడ ముఖ్యంగా పెద్దవయసువాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్సు) వాళ్ళకి 2026 నుంచి 197కి తగ్గించింది, అది మీకు వర్తించదు. విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు పాత జబ్బుల మందులకి డబ్బివ్వవు. ఇండియాలో దీని పేటెంటు 2025 మార్చిలో ముగిసింది, చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర బాగా పడిపోయింది.

ముందు ఒక పని చెయ్యండి. గుంటూరు నుంచి తెచ్చుకున్న మందుల డబ్బా తెరిచి, ప్రతి స్ట్రిప్పూ వెనక్కి తిప్పి, బ్రాండు పేరు కింద సన్నగా ఉండే అసలు పేరు అమ్మాయిని చదవమనండి. షుగరు మాత్రల్లో రెండు మూడు మందులు కలిపినవి ఎక్కువ, మెట్‌ఫార్మిన్‌తోపాటు ఎంపాగ్లిఫ్లోజిన్ మీరు ఇప్పటికే వేసుకుంటూ ఉండొచ్చు. ఆ పేర్లు, చివరి క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) రిపోర్టులు ఇక్కడ రాస్తే ఏం అడగాలో చెప్తాను, మీ డాక్టరుగారిని ఫోన్లో అడగొచ్చు. ఈలోపు మెట్‌ఫార్మిన్ ఒక్కపూట కూడా మానకండి.